ఉగ్గాని ఉచ్చీరప్ప కూతురు

ఉచ్చీరప్పకు ఉగ్గాని అంటే పడదన్న సంగతి ఆదోనిలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన పక్కింట్లో ఉంటూ బండి మీద బజ్జీలు వేసే హుసేనమ్మ. ఇంకొకరు రాధిక. పత్తి మార్కెట్టు గేటుకెదురుగా ఏండ్ల తరబడి బండి పెట్టుకొని, హమాలీలకు, పత్తి తెచ్చిన రైతులకు, లారీ డ్రైవర్లకు పొద్దున్నే వేడివేడి బొరుగుల ఉగ్గాని పెట్టి కడుపు నింపిన మనిషి, తను మాత్రం బండి వెనకాల బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఇంటి నుంచి మూటగట్టుకొచ్చిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తినేవాడు. ఆ ఇద్దరిలో ఎవరైనా చూసి నవ్వితే, "పొద్దస్తమానం దాని మొగమే సూస్తాండా గదప్పా, నోట్లోకి గూడా అదేనా?" అనేవాడు.

అందుకే, ఉచ్చీరప్ప దినాలు రేపనగా దాయాది దుర్గప్ప భార్య గడపలో నిలబడి, "ఎడలో పెట్టేదానికి ఉగ్గాని నేను సేసుకొస్తాలేమ్మా. ఉచ్చీరప్ప అంటేనే ఉగ్గాని గదా" అన్నప్పుడు రాధికకు నవ్వొచ్చింది. నాయన పోయినప్పటి నుంచి అదే మొదటి నవ్వు. ఎడ అంటే సమాధి మీద ఆకు పరిచి, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వడ్డించడం. అక్కడ గూడా ఆయనకు ఉగ్గాని తప్పేట్టు లేదు.

"నవ్వుతాండావేమే?" అంది హుసేనమ్మ, పొయ్యి ముందు జొన్నపిండి తడుపుతూ.

"ఏంలేదు పిన్నమ్మా. చేసుకురానీలే పాపం. రొట్టె మనం చేద్దాం."

రొట్టెలు మరుసటి రోజుకు మెత్తగా ఉండాలంటే పిండిలో మరిగిన నీళ్ళు పోసి కలపాలి. చెయ్యి కాలుతుంది. ఉచ్చీరప్ప చేతివేళ్ళు బజ్జీల నూనెకు, ఈ వేడినీళ్ళకు మొద్దుబారిపోయి, రాధిక చిన్నప్పుడు జడ వేస్తే వెంట్రుకలు ఆ గరుకుకు తగులుకొని పుటుక్కుమనేవి. ఆమె "అబ్బా" అనేది. ఆయన ఆ వెంట్రుకను తీసి వెలుతురులో చూసి, "నీదే" అనేవాడు, అదేదో ఇద్దరిలో ఎవరిదో తేలనట్టు.

వాళ్ళు మూడో రొట్టె తట్టుతుండగా దుర్గప్ప వచ్చాడు. ఉచ్చీరప్పకు పెద్దనాయన కొడుకు, అన్న వరస. కులంలో ఎవరింట్లో ఏ కార్యం జరిగినా ముందు వచ్చేది, చివరన పోయేది ఆయనే. ఉచ్చీరప్ప బండి ముందు గుండె పట్టుకొని కూలబడిన రోజు ఆటో పిలిచిందీ, ఆస్పత్రి నుంచి తెచ్చిందీ, గుంత తవ్వించిందీ అన్నీ ఆయనే. చెడ్డవాడని ఎవరూ అనలేరు. పద్ధతి మనిషి. పద్ధతి తప్పితే మాత్రం సొంత తమ్ముణ్ణయినా నలుగురిలో నిలబెట్టేస్తాడు.

కుర్చీలో కూర్చుని, భుజం మీది టవలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రేపు ఎడ మా పిల్లోడు పెడతాడు" అన్నాడు. "తమ్ముని కొడుకైనా అన్న కొడుకైనా కొడుకే గదా."

రాధిక చేతిలో పిండి ఆగింది. "నేను పెడతా పెద్దనాయనా."

"అదో, మళ్ళా! పెద్దనాయన అంటాండావు. నేను నీకు పెద్దనాయన యాడయితాను? మీయమ్మకు అన్నను. నీకు మామను."

"ఇన్నేండ్ల నుంచి అట్లనే పిలుస్తాండా గదా."

"పిలిపించినాడు వాడు. పిలుపు మార్సుకుంటే వరస మారుతాదా?" దుర్గప్ప గొంతు పెంచలేదు. తెలియని పిల్లకు నచ్చజెప్పినట్టే చెప్పాడు. "సూడమ్మా, వాడు నిన్ను సాకినాడు. సదివించినాడు. ఎమ్మిగనూరులో మంచి సోట ఇచ్చినాడు. ఎవురూ కాదనరు. గానీ వాడు నీకు మేనమామ. వరసకు నిన్ను కట్టుకోవాల్సినోడు. కట్టుకునే వరస ఉన్నోనికి కూతురినని ఎడ పెడితే సూసేటోళ్ళు ఏమనుకుంటారు?"

రాధిక చేతిలోంచి రొట్టె జారి పిండిలో పడింది. ఆ మాట ఈ ఇంట్లో, ఈ పొయ్యి ముందు, ఆయన కూర్చునే పీట పక్కన అన్నారే అన్నదొక్కటే ఆమె బాధ.

హుసేనమ్మ లేచింది. "అదేం మాటప్పా దుర్గప్పా? సచ్చిపోయినోని మీద అనే మాటేనా అది?"

"ఉన్న మాటే అంటాండా. నువ్వు ఊరుకో. ఎల్లప్పకు ఫోను సేసినా, హొళగుంద నుంచి సాయంత్రం బస్సుకు వస్తాడు. కన్నతండ్రి. ఆయప్ప నోట సెప్పిస్తే అందరికీ తెలిసిపోతాది, ఎవురు ఎవురికి ఏమయితారో."

టవలు దులిపి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. పొయ్యి మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.

* * *

మధ్యాహ్నం ఇంట్లో ఉండబుద్ధి కాక రాధిక పత్తి మార్కెట్టు వైపు నడిచింది. గేటుకెదురుగా వేపచెట్టు కింద బండి నల్ల టార్పాలిన్ కప్పుకొని ఉంది. తాడు విప్పి పైకెత్తి చూసింది. బాణలి కడిగి బోర్లించి ఉంది. బొరుగులు తడిపే పెద్ద ప్లాస్టిక్ టబ్బు, పుట్నాలపొడి డబ్బా, నిమ్మకాయలు పిండే చెక్క. అన్నీ ఆయన పెట్టినచోటే ఉన్నాయి. దుమ్ము మాత్రం కొత్తగా వచ్చి కూర్చుంది. కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, బండి తెరుస్తాండావా ఏంది?"

హమాలీ ఏసన్న. పత్తి బోరాలు ఎత్తి ఎత్తి ఒక భుజం వంగిపోయిన మనిషి. తలకు చుట్టుకున్న గుడ్డ తీసి, పక్కనున్న రాతి మీద కూర్చున్నాడు.

"లేదన్నా. ఊరికే చూద్దామని."

"ఆయప్ప పోయినప్పటి నుంచి పొద్దున మా కడుపులకు దిక్కు లేదు. అవతల హోటల్లో తింటాండాం గానీ, ఆ ఉగ్గాని ఏందో, బొరుగులు నోట్లో నానిన పేపరు మాదిరి ఉంటాయి. మీ నాయన పిండేది సూడాలప్పా. టబ్బులో ఏసి, ఇట్ల మునిగినాయో లేదో, అట్ల పిడికిట్లోకి తీసేసేటోడు. సప్పుడు గూడా వస్తాండె."

మీ నాయన. ఆ మాట ఏసన్న నోట్లోంచి ఏ కష్టమూ లేకుండా వచ్చింది. రాధిక తుడవడం ఆపింది.

"ఏసన్నా, నేను ఆయప్పను మామా అని పిలిచేదాన్ని. గుర్తుందా నీకు?"

ఏసన్న పెద్దగా నవ్వాడు. "మరిసిపోతానా? యార్డు యార్డంతా నవ్వింది గదమ్మా!"

ఏసన్న చెప్పినంత బాగా రాధికకే గుర్తు లేదు. ఆమె పెద్దమనిషయిన ఏడాది అది. మేనమామ పచ్చికొమ్మలతో గుడిసె కట్టాలి. ఉచ్చీరప్ప కట్టాడు. చీర పెట్టాలి. పెట్టాడు. పేరంటాలంతా ఆయన్ను చుట్టుకొని, "సాకినోడికే సొంతం. ఇంగ ముహూర్తం సూడప్పా" అని ఆట పట్టించారు. దుర్గప్ప నిజంగానే పంచాంగం తెప్పించాడు. ఉచ్చీరప్ప ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందరికీ భోజనాలు వడ్డించి, ఆకులు తనే ఎత్తాడు.

"మళ్ళా నువ్వు బండి కాడికి వచ్చిన పొద్దున జరిగింది సూడు తమాషా" అన్నాడు ఏసన్న. "నువ్వు వచ్చి ‘మామా, ఉల్లిగడ్డలు కోసేదా?’ అంటివి. ఆయప్ప పలకలా. ‘మామా!’ అంటివి. బజ్జీలు తిప్పుకుంటా ఉండాడు. ఇంగా గట్టిగా అరిస్తివి. మేమందరం ‘ఏమప్పా ఉచ్చీరప్పా, పిల్ల పిలుస్తాంది గదా, సెవుడొచ్చిందా?’ అంటాంటే, సిల్లిగంటె పక్కన పెట్టి, మా అందరి ముందర, ‘ఈడ దీనికి మామ ఎవురూ లేడప్పా. నాయన ఉండాడు. నాయనను పిలిస్తే పలుకుతాడు’ అన్నాడు."

రాధికకు ఆ తర్వాతది గుర్తుంది. ఆమెకు కోపమొచ్చింది, సిగ్గొచ్చింది. నోరు తిరగలేదు. చాలా రోజులు ఏమీ పిలవకుండా, భుజం మీది టవలో చొక్కానో పట్టి లాగి పని జరుపుకొంది. అలవాటు కొద్దీ మామా అంటే ఆయన ఆకాశం వైపు చూసేవాడు. ఒకసారి బడినుంచి వస్తుంటే వాన. బండి పట్ట గాలికి లేచిపోతోంది. ఆయన చూడకుండా నూనె బాణలి దించుతున్నాడు. పట్ట కొయ్య విరిగి ఆయన మీద పడబోతుంటే రాధిక రోడ్డుకవతల నుంచి "నాయనా!" అని అరిచింది. ఆయన పక్కకు దూకాడు. కొయ్య బాణలి మీద పడింది. నూనెంతా నేలపాలు. తడిసి ముద్దయి, ఆ జిడ్డు బురదలో నిలబడి ఆయన, "ఏమ్మా?" అన్నాడు. ఎంతసేపటి నుంచో ఆ పిలుపు కోసం కాచుకున్నవాడిలాగా, తీరిగ్గా, నవ్వుతూ. "ఏమ్మా, పిలిస్తివా?"

"మంచోడమ్మా" అన్నాడు ఏసన్న లేస్తూ. తల గుడ్డతో మొహమంతా తుడుచుకున్నాడు, చెమట పట్టకపోయినా. "రేపు మేమూ వస్తాం ఎడ కాడికి. నువ్వే గదా పెట్టేది?"

రాధిక టార్పాలిన్ కిందికి లాగి తాడు ముడి వేసింది.

* * *

ఎల్లప్ప చీకటి పడకముందే వచ్చాడు. చేతిలో ఒక సంచి. మాసిన పంచె, కొత్త చొక్కా. రాధిక ఆయన్ను తన పెండ్లిలో చూసింది, అంతే. పందిట్లో చివర నిలబడి, అక్షింతలు దూరం నుంచే చల్లి, భోజనానికి ఉండకుండా వెళ్ళిపోయాడు. పాలు తాగే పిల్లగా ఉండగా తల్లి పోతే, ఆమెను అమ్మమ్మ ఒళ్ళో వదిలి, ఇంకో పెండ్లి చేసుకొని హొళగుందలో ఉండిపోయిన మనిషి. అమ్మమ్మ ఆయన పేరెత్తితే తిట్టేది. ఉచ్చీరప్ప ఏనాడూ తిట్టలేదు. "ఆయప్ప కష్టం ఆయప్పది" అనేవాడు.

లోపలికి రమ్మన్నా రాకుండా మెట్టు మీద కూర్చున్నాడు. రాధిక చెంబుతో నీళ్ళు తెచ్చి, చేతికివ్వకుండా పక్కన పెట్టింది.

"బాగుండావా తల్లీ?" అన్నాడు.

"ఆఁ."

ఆయన నీళ్ళు తాగి, చెంబు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతుల్లోనే ఉంచుకున్నాడు. ఇంతలో దుర్గప్ప వచ్చి ఆయన పక్కన కూర్చుని మాట్లాడ్డం మొదలుపెట్టాడు. లోపల పప్పు ఏరుతున్న రాధికకు మాటలు ముక్కలుగా వినబడ్డాయి. "నువ్వు కన్నతండ్రివి... నీ మాట... నలుగురిలో..." ఎల్లప్ప ఏమన్నాడో వినబడలేదు. చివరన మాత్రం, "సూద్దాంలేప్పా, పొద్దున సూద్దాం" అన్నాడు.

రాధిక మొగుడు శివశంకర్ ఎమ్మిగనూరు నుంచి మోటారుసైకిల్ మీద వచ్చేసరికి ఆమె పెరట్లో నిలబడి ఉంది. అతను ఎమ్మిగనూరులో మగ్గాలు బాగుచేస్తాడు. గోళ్ళలో ఎప్పుడూ గ్రీజు ఉంటుంది. ఆమె మొహం చూసి బండి స్టాండు కూడా సరిగా వేయకుండా వచ్చాడు. జరిగినదంతా చెప్పింది. దుర్గప్ప అన్న ఆ ఒక్క మాట తప్ప. ఆ మాటను మళ్ళీ తన నోటితో అనలేకపోయింది.

"రేపు ఎల్లప్ప అందరి ముందర నన్ను నా కూతురు అన్నాడో, నేను లేచొచ్చేస్తా" అంది. "ఎడ ఎవురన్నా పెట్టుకోనీ. ఇంకొకరి కూతురిగా మాత్రం మా నాయన సమాధి కాడ నిలబడను."

శివశంకర్ వెళ్ళి బండి స్టాండు సరిగా వేసి వచ్చాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

"ఎందుకు నవ్వుతాండావు?"

"ఏంలేదు. పెండ్లయిన రోజు గుర్తొచ్చింది. నేను అక్షింతలేసుకొని లేచి, ‘మామా, ఆశీర్వాదం చెయ్యి’ అన్నా. మీ నాయన ఎంత గట్టిగా పలికినాడప్పా! ‘ఏమప్పా అల్లుడూ!’ అని. బ్యాండోళ్ళు గూడా ఆపి చూసినారు. అంత సంతోషం దేనికో నాకప్పుడు తెలీలేదు."

రాధిక కూడా నవ్వింది. నవ్వుతుండగానే మొహం తిప్పుకుంది.

* * *

శ్మశానం కొండ పక్కన. పెద్ద పెద్ద గుండ్రాళ్ళ మధ్య ముండ్లకంపలు కొట్టి చదును చేసిన చోటు. ఎండ ఇంకా ఎక్కలేదు. హమాలీలు నలుగురైదుగురు ఏసన్నతో పాటు వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకొని నిలబడ్డారు. సమాధి మట్టి అలికి, పూలు పెట్టి, ఆకు పరిచారు. దుర్గప్ప కొడుకు తడి బట్టలతో, వణుకుతూ, చేతిలో చెంబుతో తయారుగా ఉన్నాడు. రాధిక హుసేనమ్మ పక్కన, ఆడవాళ్ళలో, రొట్టెల మూట గుండెకు పట్టుకొని నిలబడింది.

"మొదలుపెట్టే ముందర ఒక మాట" అన్నాడు దుర్గప్ప. "తర్వాత ఎవురూ అనుకోకూడదు. ఉచ్చీరప్పకు పెండ్లి లేదు, పిల్లల్లేరు. ఎడ పెట్టేది అన్న కొడుకు. అక్క కూతురు రాధిక తానే పెడతానంటాంది. ఆ పిల్ల కన్నతండ్రి ఈడనే ఉండాడు. ఎల్లప్పా, నువ్వు సెప్పు. ఈ పిల్ల ఎవురి కూతురు?"

అందరూ ఎల్లప్ప వైపు తిరిగారు. ఆయన ఒక గుండ్రాయికి ఆనుకొని ఉన్నాడు. నిటారుగా నిలబడ్డాడు. రాధిక కాళ్ళు వెనక్కి పోవడానికి సిద్ధమయ్యాయి.

"ఉచ్చీరప్ప కూతురు" అన్నాడు ఎల్లప్ప.

దుర్గప్ప తనకు సరిగా వినబడలేదేమో అనుకున్నాడు. "వానికి కూతురు యాడిది? నేనడిగేది..."

"నువ్వడిగింది అర్థమయింది దుర్గప్పా. నా కూతురు కాదు. ఉచ్చీరప్ప కూతురు."

హమాలీల్లో ఎవరో దగ్గారు. ఎల్లప్ప గొంతు సవరించుకున్నాడు. ఇంతమందిలో మాట్లాడే అలవాటు లేని మనిషి. కన్నడం కలిసిన తెలుగు, ఆగి ఆగి వచ్చింది.

"పత్తి తోలుకొని నేను ఆదోనికి వస్తాంటి. ప్రతి తూరి ఉచ్చీరప్ప కాడనే తింటాంటి. ఒక తూరి కూడా ఎందుకు సేసినావు ఇట్ల అని అడగలా. ప్లేటు నిండా పెట్టి, తినేదాకా నిలబడేటోడు. ఒకనాడు ఆదివారం. ఈ పిల్ల బండి కాడ ఉంది. ఇంత పొడుగు. రెండు జడలు. నన్ను ఎరగదు. గడ్డం పెంచుకొని ఉంటి. నా ప్లేటులో బజ్జి అయిపోయింది సూసి, ఆయప్పను పిలిచింది. ‘నాయనా, ఈ మామకు ఇంకో బజ్జి కావాలంట’ అనింది."

ఆయన ఆగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచె అంచు పట్టుకున్నాడు.

"ఉచ్చీరప్ప నా మొగం సూసినాడు. నేను ఒక మాటంటే ఆయప్ప పిల్లను అప్పుడే ఇచ్చేస్తాడు. అట్లాంటోడు. నేననలా. బజ్జి తిని, చెయ్యి కడుక్కొని, పోయినా. ఆ పొద్దే తెగిపోయింది దుర్గప్పా లెక్క. ఉచ్చీరప్ప నా బామ్మర్ది. బామ్మర్ది కూతురంటే నాకు కోడలు. ఆ పిల్ల సరిగ్గానే పిలిచింది. నేను మామనే."

దుర్గప్ప తలలో వరసలు ఒకటొకటే తిరుగుతున్నట్టు కనబడుతోంది. పద్ధతి మనిషి కదా, పద్ధతి లోపలి నుంచే ఒక దారి తెరుచుకుంటే కాదనలేడు. ఆఖరి పట్టుగా అడిగాడు. "మరి దాని తల్లి? ఆయమ్మ అత్తయిపోతాదా?"

"తల్లి తల్లే" అన్నాడు ఎల్లప్ప. "ఆమె పాలిచ్చి పోయింది. నేనేమిచ్చినా?"

కొండ మీద మేకల గంటలు వినబడుతున్నాయి. హుసేనమ్మ చేతి వేళ్ళు రాధిక మోచేతిని గట్టిగా పట్టుకొని ఉన్నాయి. రాధిక ఆ ఆదివారం గుర్తు తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ఎన్ని ఆదివారాలు, ఎంతమంది మామలు, ఎన్ని బజ్జీలు! గడ్డమున్న ఆ మనిషి ఆమెకు గుర్తు లేడు. ఆయనకు మాత్రం రెండు జడలూ గుర్తున్నాయి. రాత్రంతా ఆయన మీద దాచిపెట్టుకున్న కోపం ఇప్పుడు చేతిలో పెట్టుకొని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఈ మనిషి ఆమెకు జీవితంలో ఇచ్చింది ఏదైనా ఉంటే, ఇదిగో, ఇప్పుడు అందరి ముందూ తన నోటితో తన కూతురు కాదని వదులుకోవడమే. అది ఆయనకు ఎంత బరువో ఆ పంచె అంచు పట్టుకున్న చేతుల్లో కనబడుతూనే ఉంది.

"అట్లయితే" అన్నాడు దుర్గప్ప నెమ్మదిగా, "నేను పెద్దనాయన్నే అయితా."

"అయితావు" అన్నాడు ఏసన్న వెనక నుంచి, నవ్వు ఆపుకోలేక.

దుర్గప్ప తన కొడుకు చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. రాధిక వైపు తిరిగి గదిమాడు. "నిలబడుకొని సూస్తాండావేందే? కొంగు నడుముకు సెక్కు. చెప్పులిప్పినావా లేదా? కూతురివయి ఉండి ఇంత వెనక నిలబడతారా ఎవురన్నా? రా, తూర్పు మొగం పెట్టి కూసో. మొదట నీళ్ళు. అట్ల కాదు, కుడిచేత్తో. మీ నాయనేం నేర్పినాడో ఏమో నీకు!"

ఆ తిట్లు వింటూ రాధిక కూర్చుంది. నీళ్ళు చల్లింది. మూట విప్పి రొట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. చెనిక్కాయల పొడి వేసి, దాంట్లో గుంత చేసి, ఆయనకు ఇష్టమైనట్టు పచ్చి నూనె పోసింది. ఉల్లిగడ్డను నేల మీద పెట్టి గుద్ది, చితికిన ముక్కలు తీసి పక్కన పెట్టింది. కత్తితో కోసిన ఉల్లిగడ్డ ఆయన తినడు.

"ఉగ్గాని పెట్టమ్మా, ఉగ్గాని" అంటూ దుర్గప్ప భార్య గిన్నె అందించింది. రాధిక ఒక్క క్షణం తటపటాయించింది. హుసేనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆకు చివరన, ఒక చెంచాడు ఉగ్గాని పెట్టి, రాధిక లోపల్లోపల, "పెద్దమ్మ ఆశ పడి చేసింది. ఒక్క ముద్ద తినేయ్ నాయనా" అంది.

తర్వాత తల తిప్పి చూసింది. గుండ్రాయి పక్కన ఎల్లప్ప ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు, తన పని అయిపోయింది, ఎప్పుడు పోవాలా అని చూస్తున్నవాడిలాగా.

"మామా" అని పిలిచింది. "నువ్వూ వచ్చి ఒక ముద్ద పెట్టు."

ఎల్లప్ప వచ్చాడు. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రొట్టె ముక్క తుంచబోయి, తుంచలేకపోయాడు. రాధిక తుంచి ఆయన చేతిలో పెట్టింది.

* * *

మర్నాడు పొద్దున శివశంకర్ మోటారుసైకిల్ మీద సామాన్లు వేసుకొని ముందు వెళ్ళిపోయాడు. రాధిక ఆదోని బస్టాండులో బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలే ముందు ఒకామె పరుగున ఎక్కి పక్కన కూర్చుంది. నడి వయసు, చేతిలో కొడవలి గోనెపట్టలో చుట్టి ఉంది. గోనెగండ్ల మనిషి. ఈ పక్క చేన్లల్లో కూలికి వచ్చి ఇంటికి పోతోంది.

ఊరు దాటింది. రెండు పక్కలా నల్లరేగడి చేన్లు, పత్తి ఏరిన తర్వాత మిగిలిన ఎండు కట్టె. కిటికీ గాలికి రాధిక కళ్ళు మూతలు పడుతున్నాయి. పక్కనున్నామె కాసేపు రాధిక మొహం వైపు, నూనె లేని జుట్టు వైపు చూసింది. చూసి, అడగొచ్చో లేదో అన్నట్టు కొంచెం జరిగి అడిగింది.

"ఏమ్మా, ఎవురన్నా పోయినారా?"

"ఆఁ" అంది రాధిక. "మా నాయన."

"అయ్యో. నాయనే పోయినాడా!" ఆమె నాలుక చప్పరించి, రాధిక చేతి మీద చెయ్యి వేసింది. ఎట్లా నాయన అని అడగలేదు. ఏ వరస అని అడగలేదు. "నాయన పోతే ఆడపిల్లకు ఎన్ను ఇరిగినట్టేనమ్మా. ముసలోడా?"

"లేదక్కా. యాభై గూడా లేవు."

"అయ్యో దేవుడా. మంచోడా?"

అప్పటిదాకా రాధిక ఏడవలేదు. ఆస్పత్రిలో ఏడవలేదు, గుంతలో మట్టి వేసినప్పుడు ఏడవలేదు, నిన్న ఎడ దగ్గర కూడా ఏడవలేదు. ఎవరో తెలియని ఆమె, ఇంకాసేపట్లో తన దారిన తను పోయే ఆమె, "మంచోడా" అని అడిగేసరికి కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారాయి. తుడుచుకోలేదు.

"చానా మంచోడక్కా" అంది. "తమాషా మనిషి."

ఆమె కొడవలిని కాళ్ళ కింద పెట్టి, కొంగు సర్దుకొని, రాధిక వైపు తిరిగి కూర్చుంది. "సెప్పమ్మా" అంది. "ఎమ్మిగనూరు ఇంగా దూరముంది. సెప్పు."

రాధిక చెప్పడం మొదలుపెట్టింది.